నల్లకుండ

మా ఇంటికి అద్దకం చూడటానికి వచ్చేవాళ్ళందరూ ముందు అచ్చుల దగ్గరికే పోతారు. టేకు చెక్క మీద చెక్కిన మామిడిపిందెని చేతిలోకి తీసుకుని, గీతల్ని వేలితో తడిమి, ఫోన్లో ఫొటో తీసుకుని, అబ్బ ఎంత పనితనమండీ అంటారు. షెడ్డు వెనక, రేకు నీడలో, మూతికి బూడిదరంగు గుడ్డ కట్టి ఉన్న కుండ వైపు ఎవరూ చూడరు. చూసినా ఆ పులుపు వాసనకి ముక్కు మూసుకుని పక్కకి జరుగుతారు. పోనీలే, జరగనీ. ఆ కుండ కోసం నేను పడ్డ ఏడుపు వాళ్ళకేం తెలుసు.

కుండలో ఉండేది నల్లరంగు. తుప్పు పట్టిన మేకులు, విరిగిన కొడవళ్ళు, సైకిలు చైను ముక్కలు వేసి, బెల్లం నీళ్ళు పోసి పులియబెడితే అది తయారవుతుంది. పైకి చూస్తే ఉత్త మురికినీళ్ళు. తుమ్మబంక కలిపి అచ్చుకి తగిలించి, కరక్కాయ నీళ్ళు పట్టించి ఆరబెట్టిన గుడ్డ మీద వేస్తే, చూస్తుండగానే నల్లబడుతుంది. ఎరుపు అలా కాదు. ఎరుపు కోసం పటిక నీళ్ళు అద్ది, ఆ గుడ్డని మంజిష్ఠ వేరు వేసి మరిగించేదాకా కాచుకుని కూర్చోవాలి. నలుపుకి అంత ఓపిక లేదు, నాలాగే.

మా అత్త పుట్టిల్లు కృష్ణా జిల్లాలో సముద్రం వైపు. తరాలుగా అద్దకం చేసుకునే ఇల్లు. పెళ్ళై చోడవరం వచ్చేటప్పుడు పెట్టెలో అచ్చులతో పాటు పుట్టింటి నల్లనీళ్ళు ఒక సీసాలో తెచ్చుకుందట. పాలకి తోడు వేసినట్టు ఆ నీళ్ళతో ఇక్కడ కుండ పెట్టింది. ఆవిడ చేతిలో ఉన్నన్నాళ్ళూ ఆ కుండ పూర్తిగా ఖాళీ అవలేదు. సగం తీసుకోవడం, మళ్ళీ బెల్లం పెట్టడం. మా ఇంట్లో ఒక పద్ధతి ఉంది. పొద్దున్నే కుండ మూత తీసి, వాసన చూసి, ఈ రోజు నలుపు వెయ్యొచ్చో లేదో చెప్పేది ఒక్కరే. అద్దకంలో ముందు పడేది నల్లగీత కాబట్టి ఆ ఒక్కరూ ఊ అంటేనే బల్ల మీద గుడ్డ పరుస్తారు. లేకపోతే ఆ రోజంతా అందరం కరక్కాయలు దంచుకోవడమే. కుండ ఎవరిదో షెడ్డు వాళ్ళది. మా మామ బతికున్న రోజుల్లో ఆయన కూడా కుండ దగ్గర మా అత్త మాటకి ఎదురు చెప్పలేదట.

ఆ కుండ నాకే రావాలని పెళ్ళైన మొదటి ఏడే అనుకున్నాను. పెద్దకోడల్ని కదా మరి. నాది రావికమతం దగ్గర పల్లె. మా వాళ్ళకి వరీ చెరకూ తప్ప అచ్చుల గోల తెలీదు. ఇక్కడికి వచ్చాకే అన్నీ నేర్చుకున్నాను. ముందు గుడ్డలు ఉతకడం, తర్వాత కరక్కాయ పట్టించడం, ఆ తర్వాతెప్పటికో అంచు వెయ్యడం. నేను వేసిన అంచు దారం పట్టి చూసినా వంకర కనబడదు. మూల తిరిగే చోట అచ్చుకీ అచ్చుకీ మధ్య అతుకు ఎక్కడుందో నన్ను కన్న అమ్మ కూడా పట్టుకోలేకపోయింది. ఇంత చేసినా మా అత్త కుండ విషయంలో మాత్రం నన్ను గడప అవతలే ఉంచింది. కర్ర చేతికిచ్చి కలపమనేది. బెల్లం తనే వేసేది.

"నానేస్తానత్తా, ఎంతెయ్యాలో సెప్పు" అని అడిగితే, "సెప్తే వచ్చీది కాదే అది. సూస్తా ఉండు" అనేది.

చూస్తూనే ఉన్నాను. నా పిల్లలు బడికెళ్ళే వయసుకి వచ్చారు, నేను ఇంకా చూస్తూనే ఉన్నాను. అంతలో మా మరిదికి పెళ్ళైంది.

మా తోడికోడలు రోలుగుంట వైపు పిల్ల. వాళ్ళది బెల్లం వండే ఇల్లు. గానుగ, పెనం, పొగ మధ్య పెరిగిన గుంట. పొడుగ్గా ఉంటుంది, నవ్విందంటే వీధి చివరికి వినబడుతుంది. ఇంటి పనికి మహా బద్ధకం. అది తోమిన గిన్నెలు మళ్ళీ తోముకోవాల్సిందే. ఎప్పుడూ చేతిలో ఫోను. ఇదంతా కుళ్ళుతో చెప్పడం లేదు, ఉన్నమాట చెబుతున్నాను. వచ్చిన కొత్తలో ఒక పొద్దున్న మా అత్త కుండ మూత తీస్తుంటే ఈ పిల్ల పళ్ళు తోముకుంటూ వచ్చి, వంగి, ముక్కు కుండలో ముంచినంత పని చేసింది.

"అత్తా, దీనికి ఆకలేస్తన్నాది" అంది.

మా అత్త తల తిప్పి చూసింది. "ఏటే?"

"పులుపు పోయి ఉత్త తుప్పు వాసనొస్తన్నాది. బెల్లం అయిపోయినట్టున్నాది, సూడు."

మా అత్త వాసన చూసింది. నవ్వింది. అన్నేళ్ళలో నాతో ఒక్కసారీ అలా నవ్వలేదు. బెల్లం ముక్క తీసి ఆ పిల్ల చేతిలో పెట్టి, "నువ్వే ఎయ్యే" అంది. నేను కలిపే కర్ర పట్టుకుని ఆ పక్కనే నిలబడి ఉన్నాను. ముందొచ్చిన చెవుల కంటే వెనకొచ్చిన కొమ్ములు వాడి అని ఊరికే అనలేదు పెద్దవాళ్ళు. ఒళ్ళు మండిపోయింది. ఆ రోజు అంచు వేస్తూ అచ్చు మీద నేను కొట్టిన దెబ్బలకి బల్ల కింద పడుకున్న కుక్క లేచి వీధిలోకి పోయింది.

ఇక అక్కడినుంచి ప్రతిదీ అలాగే. పుట్టింటికి వెళ్ళినప్పుడల్లా వాళ్ళ పెనంలో అడుగంటిన నల్లబెల్లం, బజార్లో ఎవరూ ముట్టనిది, గోనెసంచిలో వేసుకుని వచ్చేది. మా అత్త దాన్ని పట్టుచీరలా దాచుకునేది. ఒకసారి వాళ్ళ అన్న కూతురి లంగా మీద పువ్వులు వేసిస్తానని మా నల్లనీళ్ళు సీసాతో పట్టుకుపోయింది. నాతో ఒక్క మాట చెప్పలేదు. మా అత్తని అడిగింది, ఆవిడ సరేనంది. ఇన్నేళ్ళలో నేను నా పుట్టింటికి ఒక్క చుక్క తీసుకెళ్ళి ఎరగను. మా ఆయన షెడ్డు పక్కన గుడ్డలు ఉడికిస్తుంటే వెళ్ళి, "ఇంటి కుండ ఊరమ్మట పంచుకుంటన్నారు, సూస్తన్నావా?" అన్నాను.

ఆయన కర్రతో గుడ్డల్ని తిప్పుతూ, "సీసాడు మురికినీళ్ళకి ఎందుకే అంతలాగ అయిపోతన్నావు?" అన్నాడు. ఆయనకి కుండ సంగతి అర్థం కాదు. మా ఇంట్లో మగవాళ్ళకి ఎరుపు ఉడికించడం ఒక్కటే వచ్చు.

ఒక ఆదివారం చర్చిలో అయ్యగారు అసూయ మీద వాక్యం చెప్పారు. వింటున్నంతసేపూ, మా తోడికోడలు శ్రద్ధగా వినేలా చూడు ప్రభువా అని ప్రార్థన చేశాను.

ఆ ఏడే క్రిస్మస్‌కి క్వయర్‌లో పాడే ఆడవాళ్ళందరికీ ఒకేరకం చీరలు కావాలని చర్చివాళ్ళు మాకు పని చెప్పారు. నల్లతీగ, మధ్యమధ్య ఎర్రపువ్వు. క్వయర్‌లో మేమిద్దరం కూడా ఉన్నాం. సరిగ్గా పని మొదలుపెట్టే వేళకి మా అత్తకి కంట్లో శుక్లాలు ముదిరాయి, ఆపరేషన్ చెయ్యాలన్నారు. ఆ తర్వాత పొగా ధూళీ తగలకూడదు కాబట్టి కొన్నాళ్ళు విశాఖపట్నంలో మా ఆడపడుచు ఇంట్లోనే ఉండాలి. బయల్దేరే రోజు ఆటోలో కూర్చుని మా ఇద్దరి వైపూ చూసి, "కుండ జాగర్త. ఇద్దరూ సూసుకోండి" అంది.

ఇద్దరూ అన్న మాట నా చెవికి ఎక్కలేదు. ఇద్దరు కోడళ్ళున్న ఇంట్లో పెద్దది చూసుకుంటే ఇద్దరూ చూసుకున్నట్టే. ఆటో మలుపు తిరగ్గానే కుండ మీద చెయ్యి వేసి, "దీని సంగతి నాను సూసుకుంటాను. నువ్వు గుడ్డలకి కరక్కాయ పట్టించు" అన్నాను. ఆ పిల్ల సరే అక్కా అని ఫోన్లోకి తల దించుకుంది.

నా చేతి కింద కుండ మా అత్త రోజుల కంటే మిన్నగా పొంగాలని నా పంతం. పనిగట్టుకుని వడ్డాది వెళ్ళి బెల్లం కొన్నాను. మా వైపు బెల్లం అంటే రంగే. పసుపుపచ్చగా మెరుస్తూ ఉండాలి. చుట్టాలకి పెట్టినా, పండక్కి వండినా ఆ రంగుని బట్టే ఇంటి మర్యాద. చెరకు పండించే ఇంట్లో పుట్టినదాన్ని, మంచి బెల్లం ఏదో నాకు తెలియదా? దాని పుట్టింటి మాడుబెల్లం గోనెని ఒక మూలకి నెట్టేసి, బంగారం లాంటి నా దిమ్మని పగలగొట్టి కుండలో వేశాను.

ఆ పిల్ల వచ్చి కింద పడ్డ పలుకు ఒకటి తీసి చప్పరించింది.

"అక్కా, ఇది మందు బెల్లం. రంగు రావాలని పెనంలో హైడ్రోస్ కొట్టేరు. ఇది పులవదు" అంది.

"మీ మాడుబెల్లం తప్ప లోకంలో బెల్లమే లేదేటి?"

"తినీవోళ్ళకి బాగుంటాది. కుండకి పనికిరాదు. మా నాన్న తన సేత్తోనే కొడతాడు గదా, నాకు తెల్దేటి?"

నా చేతికి కుండ వచ్చిందని కుళ్ళుకుంటోంది అనుకున్నాను. కుళ్ళు ఎలా ఉంటుందో నాకు తెలియనిదా!

ప్రతి పొద్దున్నా మూత తీసి చూసేదాన్ని. నురగ రాలేదు. చలికి అనుకున్నాను. డిసెంబరు గాలి కదా, కుండకి గోనె చుట్టాను. ఇంకో దిమ్మ బెల్లం వేశాను. అయినా కుండ కిక్కురుమనలేదు. రోజులు దగ్గర పడుతున్నాయి, ఎదురుచూసే వీలు లేదు. ఒక పొద్దున్న వాసన చూసినట్టు నటించి, "ఇయ్యాల ఏసీయొచ్చు" అన్నాను. మా ఆయన బల్ల మీద మొదటి చీర పరిచాడు. ఒక మూల నుంచి తీగ వేసుకుంటూ వెళ్ళాను. నా చెయ్యి ఎప్పటిలాగే బాగుంది. గీత గీతకి అతికింది. రంగు మాత్రం పొయ్యిలో బూడిదలా ఉంది. ఆరాక నల్లబడుతుందని చూశాం. ఎండ పడ్డాక నల్లబడుతుందని చూశాం. సాయంత్రానికి కూడా అదే బూడిద.

మా తోడికోడలు దండెం దగ్గరికి వచ్చి చీరని అటూ ఇటూ తిప్పి చూసింది. "యాష్ కలర్ కూడా ఫ్యాషనే లే అక్కా" అని నవ్వింది. అత్త తిట్టినందుకు కాదు, తోడికోడలు నవ్వినందుకు అని ఏడ్చిందట వెనకటికొకత్తె. నాకు తిట్టడానికి అత్త కూడా ఊళ్ళో లేదు. అత్త మీద కోపం దుత్త మీద చూపిస్తారు కదా, ఆ కుండని ఒక్క తన్ను తన్నాలనిపించింది. చర్చివాళ్ళకి ఏం చెప్పాలి? అంతకంటే, కళ్ళకి కట్టు విప్పుకుని వచ్చే మా అత్తకి ఏం చూపించాలి? ఇంక కుండ నాకు ఈ జన్మలో దక్కదని అక్కడే అర్థమైపోయింది.

నవ్వడం అయ్యాక ఆ పిల్ల మా మరిది బండెక్కి రోలుగుంట వైపు పోయింది. చీకటి పడ్డాక వెనక్కి వచ్చింది. చేతిలో సీసా. అప్పుడు లంగా పువ్వులకని పట్టుకుపోయిందే, అదే. సగం నీళ్ళు ఇంకా ఉన్నాయి. మా అత్త అన్నేళ్ళు ఖాళీ చెయ్యని కుండని నా కళ్ళముందే వంచి, నా బంగారు బెల్లం నీళ్ళన్నీ కాలవలో పోసేసింది. మేకులు కడిగి మళ్ళీ వేసింది. సీసా వంచింది. మూలకి నెట్టిన గోనె లాక్కొచ్చి మాడుబెల్లం చిదిపి వేసింది. నేను కర్ర పట్టుకుని పక్కన నిలబడ్డాను. ఎప్పుడూ నాకు ఆ కర్రే. సీసా పట్టుకుపోయిందని అన్ని తిట్లు తిట్టుకున్నానే, ఆ సీసాయే ఇంటిని కాపాడిందంటే నాకు సంతోషం కలగాలి. కలగలేదు. ఇంకెవరైనా కాపాడి ఉంటే కలిగేదేమో.

కుండ పొంగింది. పులుపు వాసన పెరటి దాకా కొట్టింది. పండగ దగ్గరికొచ్చేసరికి ఒకరి వెనక ఒకరం చీరలు వేసి, ఉడికించి, ఉతికి, ఆఖరి చీర తడి పూర్తిగా ఆరకముందే చర్చికి పంపించాం. అంచులన్నీ నావే. మూలలన్నీ నావే. ఆ మాట మాత్రం ఎవరూ అనలేదు.

మా అత్త నల్లకళ్ళద్దాలు పెట్టుకుని దిగింది. నేరుగా కుండ దగ్గరికి వెళ్ళి మూత తీసి, చాలాసేపు వాసన చూసింది. వాసనలో తేడా ఆవిడకి తెలిసిపోయింది.

"ఎవులే తోడేసింది?" అంది.

"ఇద్దరం సూసుకున్నామత్తా" అంది మా తోడికోడలు.

అసలు సంగతి చెప్పేసినా బాగుండేది. దాన్ని తిట్టుకోవడానికి నాకో దారి ఉండేది. మా అత్త దండెం మీద బూడిదరంగు చీర వైపు చూసింది, నా వైపు చూసింది. ఆ చీరలోంచి ఒక ముక్క చింపి కుండ మూతికి కట్టింది. నా అంచు, నా మూల, నా బూడిద, రోజూ పొద్దున్నే అందరూ చూసేలా.

ఆ తర్వాతి ఎండాకాలం మా మరిది అనకాపల్లిలో ఇల్లు చూసుకున్నాడు. మా తోడికోడలు అక్కడ సొంతంగా బల్ల వేసుకుంటానంది. అచ్చులు పంచారు. మామిడిపిందెలు నాకు, తీగలు దానికి. సామానంతా కట్టాక కుండ మిగిలింది. మా అత్త గుమ్మంలో కూర్చుని ఉంది. కుండ దానికే ఇస్తుందని నాకు ఖాయంగా తెలుసు. అందరి ముందూ ఏడవకూడదని పెదవి కొరుక్కుని నిలబడ్డాను.

"కుండ పెద్దదానికి" అంది మా అత్త.

మా తోడికోడలు "సరే అత్తా" అని, తీగ అచ్చుని పాతచీర ముక్కలో చుట్టుకుంటూ ఉండిపోయింది. మొహంలో ఏమీ మారలేదు. తోడుకి కాసిని నల్లనీళ్ళిమ్మని అడుగుతుందనుకున్నాను. ఇవ్వనని చెప్పడానికి మంచి మాట ఒకటి తయారు చేసుకుని పెట్టుకున్నాను కూడా. అడగలేదు. ఆటో ఎక్కి నవ్వుకుంటూ పోయింది. ఆ మాట నా నోట్లోనే ఉండిపోయింది.

అప్పటినుంచి పొద్దున్నే వాసన చూసేది నేను. మా ఆయన గుడ్డ చంకలో పెట్టుకుని, "ఇయ్యాల ఏస్తన్నామా?" అని నిలబడతాడు. తెలిసినా వెంటనే చెప్పను. కాసేపు నిలబెడతాను. ఇన్నేళ్ళ తర్వాత దొరికింది, ఆ మాత్రం ఉండొద్దా. మాడుబెల్లం మాత్రం ఇప్పటికీ వాళ్ళ నాన్న పంపిందే వేస్తాను. అది వేరే సంగతి.

మొన్న క్రిస్మస్‌కి వాళ్ళు చోడవరం వచ్చారు. మా తోడికోడలు తనే అద్దిన కొత్త చీర కట్టుకుని చర్చిలో నా పక్కనే కూర్చుంది. తీగ నలుపు చూశాను. కాకి రెక్క లాంటి నలుపు. కుండ నా దగ్గర ఉంటే దానికి ఈ నలుపు ఎక్కడిది? ఏదో షాపు రంగు అయ్యుంటుంది, తడి తగిలితే పోతుంది అనుకున్నాను. ప్రార్థనలో అందరూ కళ్ళు మూసుకున్నప్పుడు బొటనవేలు నాలుకకి అద్దుకుని, నా ఒళ్ళో పడ్డ దాని పైటకొంగు అంచు గట్టిగా రుద్దాను. వేలికి ఏమీ అంటలేదు.

"పోదక్కా" అంది కళ్ళు తెరవకుండానే.

బయటికి వచ్చాక ఉండబట్టలేక అడిగాను. "కుండెక్కడిదే నీకు?"

"కుండేటక్కా, పాత పెయింట్ డబ్బా. మేకులు, మా నాన్న బెల్లం. తోడేటీ ఎయ్యలేదు. కాస్త ఆలీసమైనాది గానీ వచ్చీసింది" అని నవ్వింది.

భోజనాలయ్యాక అందరూ ముందు గదిలో ఉంటే, మా అత్త వెనక వసారాలో కూర్చుని రేపటికని చిక్కుళ్ళు ఒలుస్తోంది. పక్కన కూర్చుని నేనూ నాలుగు కాయలు తీసుకున్నాను.

"అత్తా, ఆ రోజు కుండ నాకెందుకిచ్చేవు?"

"ఇప్పుడెందుకే ఆ ఊసు?"

"సెప్పు."

మా అత్త కాయ ఒలిచి గింజలు చేటలో వేసింది. "దానికి కుండెందుకే? ఓ డబ్బా, నాలుగు మేకులిచ్చి ఏ ఊర్లో దింపినా అది నలుపు పుట్టించుకుంటాది. నీకు ఈ కుండ లేపోతే నలుపెక్కడిదే? అందుకే నీకిచ్చేను. నువ్వైతే ఎవుల్నీ ముట్టుకోనివ్వవు, పేణం పెట్టి కాసుకుంటావు."

ఆవిడ గొంతులో కోపం లేదు, వెటకారం లేదు. చిక్కుడుకాయ ముదురో లేతో చెప్పినట్టు చెప్పింది. ఆ మాట వినడం కంటే కుండ ఆ రోజు దానికే ఇచ్చేసి ఉంటే, అన్యాయం జరిగిందని బతికినన్నాళ్ళూ హాయిగా ఏడ్చుకునేదాన్ని.

లేచి షెడ్డు వెనక్కి వెళ్ళాను. బూడిదరంగు గుడ్డ విప్పి, వంగి వాసన చూశాను. పులుపు తగ్గిందో, నాకే అలా అనిపిస్తోందో తేల్చుకోలేకపోయాను. ముందు గదిలోంచి దాని నవ్వు వినబడుతోంది. ఒక్క కేక వేస్తే వచ్చి, ముక్కు పెట్టి, కుండకి ఆకలేస్తోందో లేదో ఇట్టే చెప్పేస్తుంది. పిలవలేదు. నల్లబెల్లం ముక్క ఒకటి వేసి, గుడ్డ బిగించి కట్టేశాను.